బతికున్నవాళ్ళకి ఐసు

నేను రిటైరైంది మే నెలలో. సన్మానమని మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయిన హాల్లో కూర్చోబెట్టి, ఒకదాని మీద ఒకటి శాలువాలు కప్పారు. ఎండకి పడిపోయినవాళ్ళ ఒంటి మీద బట్టలు విప్పడమే పనిగా బతికినదాన్ని, ఆఖరికి నాకే కళ్ళు తిరిగాయి. శాలువాలు తీసి పక్కన పెడితే మా సూపరింటెండెంటు గారు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీండి. ఆ వేడిలో స్టేజీ మీద పడిపోతే నన్ను మోసుకెళ్ళాల్సింది నా వార్డుకే కదా!

నా పేరు విమల. గుణదల మనిషిని. విజయవాడలో ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేరి, అక్కడే హెడ్ నర్సుగా దిగిపోయాను. కొత్తగా వచ్చిన అమ్మాయిలు "మీకు తెలిసింది రాసివ్వండి మేడమ్" అని పట్టుబడితే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, యూనియన్ తగాదాలు ఇందులో ఉండవు. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఏడుస్తాయి. ఎండ, నీళ్ళు, చలి మనుషుల్ని ఎలా పడగొడతాయో, అప్పుడు మనం ఏం చేస్తామో అదే రాస్తాను.

అందులోనూ ముఖ్యంగా ఒక మనిషి గురించి. పేరు దావీదు. బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. వడదెబ్బతో మా దగ్గరికి వచ్చి, ఐసు వల్ల బతికాడు. ఆ ఐసు చూసి ఆయన భార్య గొడవ పెట్టడం వల్ల కొంత పోగొట్టుకున్నాడు. ఆమెది తప్పని నేను అనను. ఎందుకు అననో మీకు అర్థమైతే చాలు.

*తాగాడన్న మాట*

క్యాజువాలిటీ తలుపు దగ్గర నేను ఎక్కువగా విన్న మాట "తాగి పడిపోయాడండీ" అన్నది. తెచ్చినవాళ్ళు అంటారు, ఆటో డ్రైవరు అంటాడు, స్ట్రెచర్ తోసేవాడు మళ్ళీ అంటాడు. మంచం దాకా వచ్చేసరికి అదే రోగం పేరైపోతుంది.

ఒకసారి ఇసుక పడవ మీద పనిచేసే మనిషిని తెచ్చారు. కృష్ణలో మునిగి, అడుగునున్న ఇసుకని బకెట్లో నింపి పైకి పంపే పని. లోతుకి పోయినప్పుడు చెవిలో నీటి ఒత్తిడికి కర్ణభేరి చిరిగింది. రక్తం చూసి ఇంట్లోవాళ్ళు వెల్లుల్లి కాచిన నూనె పోశారు. నొప్పి తగ్గిందని మళ్ళీ దిగాడు. ఈసారి ఆ చిరుగులోంచి చల్లటి నీళ్ళు చెవి లోపలికి పోయాయి. అలా పోతే నీళ్ళ కింద లోకం గిర్రున తిరుగుతుంది. ఏది పైనో ఏది కిందో తెలియక ఇసుకవైపే ఈదాడట. పక్కవాడు జుట్టు పట్టి లాగాడు గనక మిగిలాడు. తూలుతూ, కక్కుకుంటూ వచ్చాడు.

"పొద్దున్నే ఏసుకున్నాడండీ," అన్నాడు తెచ్చినాయన.

"నా నోరు వాసన సూడండమ్మా, ప్రమాణంగా ముట్టుకోలేదు," అని ఆ మనిషి ఏడుపు.

వాసన లేదు. అయినా మా జూనియర్ డాక్టరు ఒకతను కేసు షీటు మీద తాగుడని రాయబోతుంటే నేనే కలం పట్టుకొని ఆపాను. చెవికి రంధ్రం పడ్డ మనిషి అది మానేదాకా నీళ్ళలోకి దిగకూడదు. అతనికి చెప్పాల్సిన మాట అదొక్కటే. తాగాడని రాసి పంపేస్తే వారం తిరక్కుండా మళ్ళీ మునిగేవాడు.

విజయవాడ చుట్టుపక్కల చలికి పడిపోయేదెవరని నవ్వకండి. రొయ్యలు దాచే చలిగదుల్లో సరుకు సర్దే ఆడవాళ్ళున్నారు. బయట ఎండ మాడ్చేస్తుంటుంది, లోపల గడ్డకట్టే చలి. అలాంటి ఒకామె మందపాటి కోటు తడిసిపోయినా పని అవలేదని లోపలే ఉండిపోయింది. తెచ్చేసరికి మాట ముద్దగా వస్తోంది, నడక రాదు. సూపర్‌వైజరు మొహం చిట్లించి "అలవాటుందేమోనండీ" అన్నాడు. తోటివాళ్ళు మంచికే చేశారు, కాళ్ళు బరబరా రుద్దారు, వేడినీళ్ళ సీసాలు ఒంటికి ఆనించారు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు, బొబ్బలెక్కాయి. అంతగా చల్లబడ్డ మనిషిని గాజుసామాను ఎత్తినట్టు ఎత్తాలి, కుదిపితే గుండె లయ తప్పుతుంది. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, నెమ్మదిగా వేడెక్కించాలి. ఆమె బతికింది. ఆ సూపర్‌వైజరుని మాత్రం నేను అందరి ముందూ దులిపేశాను. ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

తాగితే మాత్రం ఏం? తాగినవాడికి వడదెబ్బ తగలదా? తాగినవాడు నీళ్ళలో మునిగిపోడా? తూలుతున్నాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు అంటే ముందు ఒళ్ళు ముట్టుకొని చూడండి. కాలిపోతోందా, మంచులా ఉందా? ఆ తర్వాతే వాసన.

*డాక్టరు గారూ, ఆయన బరకమూ*

మా క్యాజువాలిటీకి పెద్ద డాక్టర్ శేషగిరి గారు. గుడివాడ వైపు వ్యవసాయ కుటుంబం. అంత కోపిష్టిని నేను చూడలేదు, అంత తెలిసిన మనిషినీ చూడలేదు. ఆయన వచ్చేదాకా మేము వడదెబ్బకి అందరిలాగే చేసేవాళ్ళం. తడిగుడ్డలు, ఫ్యాను, జ్వరానికిచ్చే ఇంజెక్షను.

"అది జ్వరం కాదు సిస్టర్. ఒంట్లో మంట. మంటకి ఇంజెక్షనేంటి, నీళ్ళు పోయాలి గానీ," అనేవారు.

చంకలో థర్మామీటరు పెడితే గయ్యిమనేవారు. "చంకలో పెడితే అది మొహమాటపడుద్ది. నిజం చెప్పదు. వెనక నుంచి పెట్టి చూడండి." మేమంతా సిగ్గుతో చచ్చేవాళ్ళం. కొన్నాళ్ళకి సిగ్గు పోయింది. చంకలో నూట మూడు చూపించినవాడికి లోపల నూట ఎనిమిది ఉండడం కళ్ళారా చూశాక ఇంక సిగ్గేమిటి?

వడదెబ్బకి అసలు వైద్యం మనిషిని ఐసునీళ్ళలో ముంచడం. మెదడు, కిడ్నీలు ఆ వేడిలో ఎంతసేపు ఉంటే అంత పాడవుతాయి. మా ఆసుపత్రిలో తొట్టి లేదు. తొట్టి కావాలని ఈయన అడిగితే పైనుంచి ప్రశ్న మీద ప్రశ్న వచ్చింది గానీ తొట్టి రాలేదు. ఒకరోజు ఊరినుంచి బరకం పట్టుకొచ్చారు. కళ్ళంలో ధాన్యం మీద కప్పే టార్పాలిన్‌ని మా వైపు బరకం అంటారు. మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టి. అందులో ఐసు, నీళ్ళు. అంతే.

మొదటిసారి మాత్రం అభాసుపాలయ్యాం. ఆయన తెచ్చింది మిరపకాయలు ఆరబోసిన బరకం. ఎంత కడిగినా ఘాటు వదల్లేదు. పాపం ఆ పేషెంటు ఒళ్ళు మండి, మా నలుగురికీ ఒకటే తుమ్ములు. డాక్టరు గారు కూడా కళ్ళు తుడుచుకుంటూనే "పట్టుకోండి, వదలకండి" అని అరుస్తున్నారు. పేషెంటు బతికాడు గనక ఇప్పుడు నవ్వుకుంటున్నాం. మర్నాడు ధాన్యం బరకం వచ్చింది.

ఐసు చేపల మార్కెట్టుకి పోయే బండి నుంచి తీసుకునేవాళ్ళం. వేసవి పొడుగునా తలుపు పక్కన థర్మాకోల్ పెట్టెల్లో దిమ్మెలు. వార్డంతా నీచువాసన. అలవాటైపోయింది.

వైద్యం మారింది గానీ ఒక సంగతి మేము ఎవరమూ ఆలోచించలేదు. మన వైపు మనిషిని ఐసు మీద పెట్టేదెప్పుడు? పోయాక. దూరాన ఉన్నవాళ్ళు చివరిచూపుకి వచ్చేదాకా ఊక పోసి, ఐసు పరిచి పడుకోబెడతారు. ఇప్పుడు ఫ్రీజర్ బాక్సులొచ్చాయి గానీ సంగతి అదే. వీధిలో ఎవరైనా "ఐసు తెప్పించారా?" అని అడిగితే ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

*ఎర్ర కోటు*

అది పెళ్ళిళ్ళ సీజను. భవానీపురంలో ఒక కల్యాణమండపానికి పెళ్ళికొడుకు ఊరేగింపుగా బయల్దేరాడు. ముహూర్తం మధ్యాహ్నానికి. బ్యాండు కొండపల్లి వాళ్ళది. జరీ అంచుల ఎర్ర కోట్లు, మెడ దాకా గుండీలు, తలమీద టోపీ. ఊరేగింపు ఆగేదాకా గుండీ విప్పకూడదన్నది వాళ్ళలో కట్టుబాటు. బ్యాండు మాస్టరు రత్నం. ట్రంపెట్ వాయించే దావీదు ఆయనకి సొంత బావ, అక్క మొగుడు.

ట్రంపెట్ వాయించడమంటే ఒక రకంగా పరుగే. కుర్రకారు డాన్సులాపరు, ఇంకోటి వాయించమంటారు, నోట్లు ఊపుతారు. మండపం ఎదురుగానే దావీదు పాట తప్పాడు, ఎవరినో తిట్టాడు, కిందపడ్డాడు. తాగాడనుకొని బ్యాండు వ్యాను నీడన కూర్చోబెట్టారు. ఊరేగింపు ఆగలేదు. కాసేపటికి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైతే మూర్ఛ అనుకొని చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఎవరో నోట్లో నిమ్మకాయ పిండారు. స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పొయ్యకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎక్కడికెళ్ళినా ఈ మాట చెప్పండి.

ఆటోలో మా దగ్గరికి తెచ్చేసరికి కోటు గుండీలు ఇంకా పెట్టే ఉన్నాయి. నేను కత్తెరతో కోటు కోసేశాను. ఒళ్ళంతా చెమటే. వడదెబ్బకి చెమట పట్టదని పుస్తకంలో చదివినవాళ్ళు ఇక్కడే మోసపోతారు. ఎండలో పని చేస్తూ పడిపోయినవాడికి చెమట పడుతుంది. లోపల నూట ఎనిమిది దాటింది.

"బరకం!" అన్నారు డాక్టరు గారు.

ఐసు పోశాం, నీళ్ళు పోశాం. నలుగురం అంచులు పట్టుకున్నాం. అప్పుడే తలుపులో ఒకామె వచ్చి నిలబడింది. చేతులకి అంట్లు తోమిన బూడిద. దావీదు భార్య కరుణమ్మ. అదే మండపంలో వంటవాళ్ళ దగ్గర గిన్నెలు కడిగే పనికి వచ్చింది. మొగుడు పడిపోయాడని ఎవరో చెబితే వెనకాల పరిగెత్తుకొచ్చింది.

మొగుణ్ణి ఐసులో చూసింది. కోసిపడేసిన కోటు చూసింది. బ్యాండు ఇంటి మనిషి గదా, పెళ్ళిళ్ళకే కాదు, చావులకీ ఆ బ్యాండే వాయిస్తుంది. ఐసు మీద పడుకోబెట్టిన మనుషుల్ని ఆమె చూసినంతగా మాలో ఎవరం చూసి ఉండం.

"అయిపోయాడా? నాకు సెప్పకుండానే ఐసు పెట్టేశారా?" అని ఒక్క కేక. ఆ కేకకి బయటున్న ఎర్ర కోట్లన్నీ లోపలికొచ్చి పడ్డాయి.

"బతికే ఉన్నాడమ్మా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరు వింటారు?

"బతికున్నోణ్ణి ఐసులో పెడతారా ఎవురైనా? ఐసు పెట్టి సంపుతున్నారు మా బావని!" అని రత్నం బరకం అంచు పట్టి లాగాడు. నీళ్ళూ ఐసూ నేలంతా పరుచుకున్నాయి. దావీదు నేలమీద పడ్డాడు. జారి ఇద్దరు పడ్డారు. డాక్టరు గారు సెక్యూరిటీని కేకేసి "అందరినీ బయటికి గెంటండి" అంటున్నారు. ఒళ్ళు కాలిపోతున్న మనిషి మా అందరి కాళ్ళ మధ్య పడి ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు.

*వణుకు*

"సార్, ఆవిణ్ణి బయటికి పంపొద్దు. పంపితే తలుపు పగలగొడతారు," అన్నాను.

"మీరు వాళ్ళకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తూ కూర్చోండి సిస్టర్, ఈలోపల మెదడు ఉడికిపోద్ది," అన్నారు ఆయన. ఆయన అన్నదీ నిజమే.

నేను కరుణమ్మ చెయ్యి పట్టుకొని నేలమీద కూర్చోబెట్టాను. ఆమె అరచెయ్యి తీసి మొగుడి గుండె మీద పెట్టాను.

"ఏమన్నా తెలుస్తోందా?"

ఆమె ఏడుపు ఆపింది. "కొట్టుకుంటందండి. గబగబా కొట్టుకుంటంది."

"పోయినవాడికి కొట్టుకుంటుందా? ఒళ్ళు చూడు, పొయ్యిలా ఉంది. ఆ వేడి లాగెయ్యకపోతే ఆగిపోతుంది. ఇది పోయినవాళ్ళకి పెట్టే ఐసు కాదమ్మా."

"మళ్ళీ లేత్తాడా?"

"లేస్తాడని రాసివ్వను. ఇలా వదిలేస్తే మాత్రం లేవడు."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఒరే రత్నం, ఆ గుడ్డ పట్టుకో," అంది. అంతే. ఎర్ర కోట్లవాళ్ళే బరకం అంచులు పట్టుకున్నారు. మిగిలిన ఐసు చాల్లేదు. రత్నం మనుషులే పరిగెత్తి చేపల మార్కెట్టు ఐసు బండి ఆపి దిమ్మెలు భుజాన వేసుకొచ్చి నేలకేసి పగలగొట్టారు. కరుణమ్మ మగ్గుతో నీళ్ళు ముంచి మొగుడి తలమీద, మెడమీద పోస్తూనే ఉంది. ప్రభువా ప్రభువా అని గొణుక్కుంటోంది.

వేడి దిగుతూ వచ్చింది. నూట రెండు దగ్గరికి వస్తుండగా దావీదు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఒళ్ళంతా వణుకు.

కరుణమ్మ మగ్గు వదిలేసి నా జబ్బ పట్టుకుంది. "వణుకుతున్నాడండి! సిస్టర్ గారూ, మా ఆయన వణుకుతున్నాడండి!" అని అందరికీ చూపించింది. పెళ్ళిలో కూడా అంత సంతోషం చూసి ఉండను. పోయినవాడు వణకడు గదా. నా కళ్ళూ చెమర్చాయి, దాచడం దేనికి.

ఆ తర్వాత బయటికి తీసి తుడుస్తామంటే వినదు. ఇంకాసేపు ఉంచండి, బాగా వణకనివ్వండి అని బతిమాలింది. మరీ చల్లబడినా ప్రమాదమేనని చెప్పి మగ్గు లాక్కోవాల్సి వచ్చింది.

దావీదు ఐసీయూలో చాన్నాళ్ళు ఉన్నాడు. కిడ్నీలు మొరాయించి మళ్ళీ దారికొచ్చాయి. మనుషుల్ని గుర్తుపట్టాడు. కానీ మాట కాస్త సాగుతూ వచ్చేది, చెయ్యి చాస్తే వణికేది. వేడి ముందు కాటేసేది మెదడులో ఒంటిని నిలకడగా ఉంచే భాగాన్ని. ట్రంపెట్ మీద పెదవి నిలవలేదు. ఆయన మళ్ళీ వాయించలేదు.

*ఎవరు రైటు*

"ఆ గొడవ లేకపోతే అతను వాయించేవాడు సిస్టర్," అన్నారు డాక్టరు గారు తర్వాత ఒకరోజు, టీ తాగుతూ.

"వాయించేవాడేమో సార్. ఊరేగింపు ఆపి ఉంటే ఇంకా బాగా వాయించేవాడు. ఆవిణ్ణి గెంటేసి ఉంటే మాత్రం మనిషే ఉండేవాడు కాదు."

ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. కానీ మరుసటి వారం నుంచి బరకం పరిచినప్పుడల్లా ఒక నర్సుని పేషెంటు మనుషుల దగ్గర నిలబెట్టడం మొదలుపెట్టారు. ఆ నర్సుకి ఇంకే పనీ చెప్పకూడదని కూడా ఆయనే అన్నారు. దాన్ని నేను ఒప్పుకోవడం కిందే లెక్కేసుకున్నాను.

ఆ పని మీకు పడితే ఇలా చెయ్యండి. ఐసు కంటబడకముందే మాట వినబడాలి. ఒంట్లో వేడి లాగేస్తున్నాం అని చెప్పండి. మనిషి బతికే ఉన్నాడని పదిసార్లు చెప్పేకంటే వాళ్ళ చెయ్యి తీసుకొని గుండె మీద పెట్టడం మేలు. వద్దని అరిచేవాళ్ళకి బరకం అంచు ఇవ్వండి. చేతిలో పని ఉన్నవాడు అడ్డం పడడు. వాళ్ళని మూర్ఖులని మాత్రం అనుకోకండి. ఐసంటే వాళ్ళకి తెలిసిన అర్థం ఒకటుంది, అది వాళ్ళు కల్పించుకున్నది కాదు.

రత్నం బ్యాండులో గుండీల కట్టుబాటు పోయింది. వేసవి ఊరేగింపులకి కోట్లు విప్పుకొని వాయిస్తారు. పెళ్ళివాళ్ళు సణిగితే, మా అక్క ఒప్పుకోదండీ అంటాడట. దావీదు వ్యాను వెనక కూర్చుని నీళ్ళ డబ్బాలు చూసుకునేవాడు. ఎవడి మొహమైనా తేడాగా కనబడితే లాగి కూర్చోబెట్టేవాడు. ఎప్పుడైనా ఆసుపత్రి వైపు వస్తే నన్ను పలకరించి, సాగే మాటతో "ఐసుందా సిస్టర్ గారూ?" అని నవ్వేవాడు.

*కొండపల్లి*

నేను రిటైరయ్యాక ఒక ఉదయం రత్నం ఫోను చేశాడు. దావీదు నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. నేను బస్సెక్కి వెళ్ళాను.

ఇంటి ముందు ఆటోలో ఫ్రీజర్ బాక్సు ఉంది. దించలేదు. లోపల దావీదుని మంచం మీద పడుకోబెట్టారు. ఎండ అప్పటికే ముదురుతోంది. దావీదు అన్న హైదరాబాదు నుంచి బయల్దేరాడు, వచ్చేసరికి రాత్రవుతుంది. అందుకే బాక్సు.

రత్నం నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "అక్క బాక్సుని లోపలికి రానియ్యట్లేదండి. ఐసొద్దు, పెట్టె వద్దు అంటంది. పెద్దోళ్ళు సెప్పినా ఇనదు. మీరు సెబితే ఇంటదండి."

లోపలికి వెళ్ళి కరుణమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె అరచెయ్యి దావీదు గుండె మీదే ఉంది.

"ఆయన అన్నగారు వచ్చేదాకా ఉంచాలి కదమ్మా," అన్నాను నెమ్మదిగా.

"వద్దండి సిస్టర్ గారూ. మీకు తెలుసు గదండి." నా చెవి దగ్గరికి వంగింది. "ఐసు పెడితే వణుకుతాడేమోనని సూత్తా కూసుంటానండి. తెల్లారేదాకా సూత్తా కూసుంటాను. నావల్ల కాదండి."

బయటికి వచ్చి, బాక్సుతో సహా ఆటో తీసుకెళ్ళిపొమ్మన్నాను. రత్నం నా మొహం చూసి కారణం అడగలేదు. ఆయన వచ్చేదాకా ఆగలేమని అన్నకి ఫోను చేసి చెప్పారు, ఆయన దారిలోనే ఏడ్చాడట.

ఆ మధ్యాహ్నమే తీసుకెళ్ళారు. బ్యాండు ముందు నడిచింది. అందరి కోట్లకీ గుండీలు తీసే ఉన్నాయి.